ఎండలూ జాగారాలూ లిథియమూ: బెజవాడ, గుంటూరుల్లో బైపోలార్‌తో ఏడాది గడిపే పద్ధతి

బైపోలార్ అంటే మనసు కొన్నాళ్లు పట్టలేని హుషారులోకి (మేనియా), కొన్నాళ్లు లోతైన దిగులులోకి (డిప్రెషన్) వెళ్లే జబ్బు. అది తిరగబెట్టి మనిషిని ఆసుపత్రికి తెచ్చాక, అంతకుముందు నెల రోజుల సంగతులు నెమ్మదిగా ఆరా తీస్తే తరచూ మూడింటిలో ఏదో ఒకటి బయటపడుతుంది. బాగానే ఉన్నాను కదా అని బిళ్లలు మానేసి ఉంటారు. పెళ్లి అనో పరీక్షలనో జాగారం అనో వరసగా రెండు మూడు రాత్రులు నిద్ర చెడగొట్టుకుని ఉంటారు. లేదంటే ఒళ్లునొప్పులకో బీపీకో వాడిన వేరే మందు, ఈ జబ్బుకు ఇచ్చే లిథియం అనే మందు రక్తంలో ఉండాల్సిన లెక్కను తలకిందులు చేసి ఉంటుంది. మూడూ ముందుగా పట్టుకోగలిగినవే. ఈ జబ్బుకు చేయవలసిన పని ఎక్కువగా బాగున్న రోజుల్లోనే ఉంటుంది. ముదిరాక ఇంట్లోవాళ్ల చేతుల్లో మిగిలేది కొంచెమే.

ఇక్కడ రాసిన మోతాదులు, అంకెలు మీ డాక్టరుతో మాట్లాడేటప్పుడు పనికొచ్చేందుకు. వీటిని చూసి బిళ్ల పెంచుకోవడం, తగ్గించుకోవడం చేయకండి.

డాక్టరుకు చెప్పకుండా మిగిలిపోయే సగం

పొద్దున నవ్వి సాయంత్రం ఏడిస్తే బైపోలార్ అనరు. మేనియా అంటే కనీసం 7 రోజులు మనిషి పూర్తిగా వేరే వేగంలో ఉండడం: నిద్ర అక్కరలేకపోవడం, మాట ఆగకపోవడం, డబ్బు నీళ్లలా పోవడం, తనంతటివాడు లేడనిపించడం. దాని చిన్న రూపం హైపోమేనియా, 4 రోజులున్నా లెక్కకొస్తుంది. డిప్రెషన్‌కు గడువు 2 వారాలు.

చిక్కేమిటంటే, మనిషి డాక్టరు దగ్గరికి వెళ్లేది డిప్రెషన్‌లో ఉన్నప్పుడే. హుషారుగా తిరిగిన రోజులు జబ్బని ఎవరికీ తోచదు. "ఆ రెండు నెలలూ ఎంత చక్కగా పని చేశాడో" అని ఇంట్లోవాళ్లు మురిసిపోతారు కూడా. ఆ సగం చెప్పకపోతే డాక్టరు మామూలు డిప్రెషన్ అనుకుని ఆ మందు ఒక్కటే రాయొచ్చు. బైపోలార్ ఉన్న మనిషికి మూడ్‌ను నిలబెట్టే మందు లేకుండా అది ఒక్కటే ఇస్తే మేనియాలోకి ఎగిసే ప్రమాదం ఉంది. అందుకని మొదటిసారి వెళ్లేటప్పుడే ఇది చెప్పండి: ఎప్పుడైనా మూడు నాలుగు గంటలే పడుకుని, అయినా అలసట లేకుండా, రోజుల తరబడి తిరిగారా? ఇంట్లో మేనమామకో, నాయనమ్మకో ఇలా ఎప్పుడైనా వచ్చిందా? పూనకమనో గాలి సోకిందనో చెప్పుకున్న పాత కథలుంటే అవి కూడా చెప్పండి. గుడికో దర్గాకో వెళ్లాలనుకుంటే నిరభ్యంతరంగా వెళ్లండి, బిళ్ల మాత్రం మీతో పాటే రావాలి.

చూపించుకోవడానికి బెజవాడలోనూ గుంటూరులోనూ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. మంగళగిరి ఎయిమ్స్‌లో కూడా ఉంది. ఓపీ పొద్దుటిపూటే, కాబట్టి పెందలాడే బయలుదేరండి. ఆసుపత్రిలో ఇచ్చే మందు ఎప్పుడైనా నిండుకుంటే ఇబ్బంది పడకుండా ఇంట్లో పది రోజుల బిళ్లలు ఎప్పుడూ అదనంగా ఉండేలా చూసుకోండి. అవి ఎవరి చేతిలో ఉండాలో తర్వాత చెబుతాం.

లిథియం: ఉప్పుకు తోబుట్టువు

1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు మేనియాకు లిథియం పనిచేస్తుందని రాశారు. ఇన్నేళ్ల తర్వాత కూడా జబ్బు తిరగబెట్టకుండా కాయడంలో, ఆత్మహత్య ఆలోచనల నుంచి కాపాడడంలో దానికి సాటిరాగల మందులు తక్కువ. అయితే పనిచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం చాలా సన్నం. కోస్తా ఎండల్లో దాన్ని వాడేవాళ్లు ఆ ఎడాన్ని బాగా అర్థం చేసుకోవాలి.

కిడ్నీ లిథియాన్ని సోడియంలాగే చూస్తుంది. ఒంట్లో ఉప్పూ నీరూ తగ్గినప్పుడు కిడ్నీ సోడియాన్ని బయటికి పోనివ్వకుండా వెనక్కి లాక్కుంటుంది. దాంతో పాటే లిథియమూ వెనక్కి వస్తుంది. మీరు వేసుకున్నది రోజూ వేసుకునే బిళ్లే, రక్తంలో మాత్రం లెక్క పెరిగిపోతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ మే నెలాఖరు ఎండలో మిర్చి యార్డులో బస్తాల మధ్యో, బీసెంట్ రోడ్డులో రేకుల కింద కొట్లోనో పదిగంటలు నిలబడే మనిషికి ఇది పుస్తకంలో మాట కాదు.

వేసవిలో రోజుకు రెండున్నర నుంచి మూడు లీటర్ల నీళ్లు పడాలి. గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉన్నవాళ్లు తమ డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి. లీటరు సీసాలు పెట్టుకుంటే లెక్క తప్పదు: పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, పొద్దుగూకేలోపు ఇంకొకటి. మూత్రం ముదురు పసుపులో వస్తుంటే తాగింది చాలలేదన్నమాట. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ మంచిదే. పొద్దున పదకొండు నుంచి నాలుగు దాకా ఎండలో పని తప్పించుకోగలిగితే తప్పించుకోండి.

ఉప్పు విషయంలో అందరూ తడబడతారు. ఎక్కువా తక్కువా అన్నది రెండో మాట, రోజూ ఒకేలా ఉండడం మొదటి మాట. ఉన్నట్టుండి ఉప్పు మానేస్తే లిథియం పెరుగుతుంది. ఉన్నట్టుండి పెంచితే తగ్గుతుంది, అప్పుడు జబ్బుకు కాపలా పలచబడుతుంది. కొత్త ఆవకాయ జాడీ తెరిచిన వారం మూడు పూటలా అదే తిని, తర్వాత బీపీ చూపించుకుని చప్పిడి కూటికి మారిపోతే లెక్క రెండు వైపులా ఊగుతుంది. పచ్చడి తినొద్దని ఎవరూ అనరు. రోజూ తినేంతే తినండి. చప్పిడి తప్పదని ఏ డాక్టరైనా చెబితే, మొదలుపెట్టే ముందే మానసిక వైద్యుడికి చెప్పి వారం తర్వాత రక్తపరీక్ష చేయించుకోండి. కాఫీ సంగతీ ఇంతే. రోజుకు నాలుగైదు కప్పులు తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే లిథియం పెరగొచ్చు. నెమ్మదిగా తగ్గించుకోవాలి.

మెడికల్ షాపు దగ్గర

లిథియం వాడేవాళ్లకు ఎండ తర్వాత ఎక్కువ హాని చేసేవి నొప్పి బిళ్లలు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్: ఇవన్నీ కిడ్నీ లిథియాన్ని బయటికి పంపకుండా ఆపుతాయి. పేర్లు గుర్తుండకపోవచ్చు, అందుకని అట్ట వెనక సన్న అక్షరాలు చదవండి. కాంబిఫ్లామ్‌లో పారాసెటమాల్‌తో పాటు ఐబుప్రొఫెన్ ఉంటుంది. వొవెరాన్ అంటే డైక్లోఫెనాక్. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర "నొప్పులకు ఒక ఇంజక్షన్" అంటే అది కూడా చాలాసార్లు డైక్లోఫెనాకే. చికున్‌గున్యా వచ్చి కీళ్లు పట్టేసినప్పుడు ఈ బిళ్లలు వారాల తరబడి మింగుతారు, పైగా జ్వరంతో నీళ్లు సరిగా తాగరు. లిథియం మీదున్నవాళ్లకు ఈ రెండూ కలిస్తే ప్రమాదం. నొప్పికైనా జ్వరానికైనా పారాసెటమాల్ వాడుకోవచ్చు, దానితో లిథియానికి పేచీ లేదు.

బీపీ బిళ్లల్లో కూడా చూసుకోవాలి. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనాలప్రిల్ లాంటివీ, హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ లాంటి నీరు తీసే మందులూ లిథియాన్ని పెంచుతాయి. బిళ్ల పేరు చివర "హెచ్" అక్షరం ఉంటే అందులో తరచూ ఆ నీరు తీసే మందు కలిసి ఉంటుంది. టెల్మిసార్టాన్‌కు హెచ్ తోడైతే రెండు ప్రమాదాలూ ఒకే బిళ్లలో ఉన్నట్టే. ఇప్పటికే వాడుతుంటే భయపడి ఆపేయకండి. ఇద్దరు డాక్టర్లకూ రెండో చీటీ చూపించండి. బీపీకి ఆమ్లోడిపిన్ లాంటి వేరే దారులు ఉన్నాయి.

ఇక లిథియం బిళ్ల సంగతి. మామూలుది 300 మిల్లీగ్రాములు, నెమ్మదిగా కరిగేవి 400, 450. నెమ్మదిగా కరిగే బిళ్లను నమలకూడదు, పొడి చేయకూడదు. చేస్తే పన్నెండు గంటల మందు ఒక్కసారే రక్తంలో పడుతుంది. కౌంటర్లో అబ్బాయి "ఇదే సార్, కంపెనీ వేరు" అని వేరే అట్ట చేతిలో పెడతాడు. అక్కడే నిలబడి మూడు చూడండి: మందు పేరు లిథియం కార్బొనేటేనా, మిల్లీగ్రాములు పాత అట్ట మీదున్నవేనా, ఎస్ఆర్ అనో సీఆర్ అనో (నెమ్మదిగా కరిగేదన్న గుర్తు) ఉన్నది అలాగే ఉందా. మూడింటిలో ఒకటి తేడా ఉన్నా తీసుకోకండి. చివరి అట్ట ముక్కను పర్సులో పెట్టుకుని వెళ్తే మాటలతో పని ఉండదు.

ఒక పూట బిళ్ల మరచిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు. పోయింది పోయినట్టే, తర్వాతి వేళకు మామూలు మోతాదే.

రక్తపరీక్ష చేయించుకునే తీరు

లిథియం లెవెల్ పరీక్షలో పొరపాటు ఎక్కువగా ల్యాబ్‌లో కాదు, అక్కడికి వెళ్లే వేళలో జరుగుతుంది. చివరి మోతాదు వేసుకున్న 12 గంటలకు రక్తం తీయాలి. రాత్రి 9కి వేసుకుంటే పొద్దున 9కి. ఆరింటికే ఇంటికొచ్చి తీసుకుపోతే లెక్క ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ల్యాబ్‌లో రద్దీగా ఉందని మధ్యాహ్నం దాకా కూర్చుంటే తక్కువ చూపిస్తుంది. రెండు పూటలా వేసుకునేవాళ్లు పొద్దుటి బిళ్లను జేబులో పెట్టుకుని వెళ్లి, రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. పరగడుపున ఉండక్కర్లేదు, నీళ్లు మాత్రం బాగా తాగి వెళ్లండి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. రక్తం పట్టే గొట్టాల్లో ఆకుపచ్చ మూత ఉన్నవాటిలో కొన్నింట్లో గడ్డకట్టకుండా లిథియం హెపారిన్ పూసి ఉంటుంది. అందులో పడితే మీ ఒంట్లో లేని లిథియం కూడా లెక్కలోకి వస్తుంది. కూర్చోగానే "బాబూ, లిథియం పరీక్షకమ్మా, పచ్చ మూత వద్దు" అని చెప్పండి. ఎర్ర మూతదో పసుపు మూతదో ఉండాలి. మీకు ఏ ఇబ్బందీ లేకుండా ఉన్నట్టుండి రిపోర్టులో పెద్ద అంకె వస్తే, కంగారుపడే ముందు డాక్టరుకు ఈ అనుమానం చెప్పి మళ్లీ తీయించండి. ఒంట్లో తేడా కూడా ఉంటే మాత్రం ఆ అంకె నిజమనే అనుకుని పరుగెత్తాలి.

జబ్బు తిరగబెట్టకుండా కాపాడడానికి లిథియం లెవెల్‌ను మామూలుగా 0.6 నుంచి 0.8 మధ్య (రిపోర్టులో mmol/L లేదా mEq/L అని ఉంటుంది) ఉంచుతారు. మేనియా ఉధృతంగా ఉన్నప్పుడు 1.0 దాకా, కొందరికి ఇంకొంచెం పైకి కూడా తీసుకెళ్తారు. పెద్దవయసువాళ్లకు తక్కువే చాలు. 1.5 దాటితే ప్రమాదం. మోతాదు మార్చాక అయిదు నుంచి ఏడు రోజులకు గానీ అసలు లెక్క తేలదు, మర్నాడే పరీక్షకు పరుగెత్తితే డబ్బు దండగ. కుదురుకున్నాక మొదటి ఏడాది మూడు నెలలకొకసారి, ఆ తర్వాత అంతా బాగుంటే ఆరు నెలలకొకసారి. దానితో పాటు ఆరు నెలలకు క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), కాల్షియం చూపించుకోవాలి, ఎందుకంటే లిథియం ఏళ్ల మీద థైరాయిడ్‌నూ కిడ్నీనీ ఇబ్బంది పెట్టొచ్చు. మా మాట అడిగితే, ఆ పరీక్షల్లో ఒకటి ఏప్రిల్‌లో పడేలా చూసుకోండి. ఎండలు ముదిరేలోపు మీ లెక్క తెలిసి ఉంటుంది.

వడదెబ్బా, లిథియం విషమా?

చేతివేళ్లు సన్నగా వణకడం, దాహం, ఎక్కువసార్లు మూత్రానికి లేవడం లిథియంతో మామూలే. వచ్చేసారి డాక్టరుకు చెబితే చాలు. వణుకు ముదిరి టీ గ్లాసు పెదవుల దాకా చేరేలోపు సగం ఒలికిపోతోందంటే అది వేరే వణుకు. వాంతులు, విరేచనాలు, నడకలో తూలడం, మాట ముద్దగా రావడం, మగతగా పడి ఉండడం, కండరాలు ఉలిక్కిపడడం: వీటిలో ఏవి కలిసి కనిపించినా లిథియం ఎక్కువైందనే అనుమానించాలి. చూసేవాళ్లు వడదెబ్బ అనుకుంటారు, తాగి ఉన్నాడని కూడా అనుకుంటారు. బిళ్ల ఆపేసి, 108కి ఫోన్ చేసి, క్యాజువాలిటీలో నోరు తెరవగానే చెప్పవలసిన మొదటి మాట "లిథియం వాడుతున్నారు". అది చెప్పకపోతే సెలైన్ పెట్టి పంపించేసే అవకాశం ఉంది, లెవెల్ చూడాలని ఎవరికీ తట్టదు.

మామూలు వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున ఏం చేయాలో బాగున్నప్పుడే డాక్టరును అడిగి చీటీ మీద రాయించుకోండి. సాధారణంగా చెప్పేది ఇది: తిండీ నీళ్లూ నిలబడేదాకా ఆ పూట లిథియం ఆపి, వెంటనే ఫోన్ చేసి, లీటరు నీళ్లకని రాసి ఉన్న ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలిపి తాగుతూ ఉండడం. ఆ ప్యాకెట్‌ను గ్లాసెడు నీళ్లలో కలిపితే మేలుకంటే కీడే ఎక్కువ.

లిథియం కాకుండా ఇతర మానసిక మందులు వాడేవాళ్లకూ ఎండ భయం ఉంది. వాటితో పాటు తరచూ ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్, అంటే పేసిటేన్ లాంటి బిళ్లలు, చెమటను తగ్గిస్తాయి. చెమట పట్టని ఒళ్లు చల్లబడదు.

రాత్రిని కాపాడుకోవడం

మందు తర్వాత మందు లాంటిది నిద్ర. నిద్ర తగ్గడం మేనియాకు గుర్తు మాత్రమే కాదు, కారణం కూడా. పడుకునే వేళ కంటే లేచే వేళ ముఖ్యం. ఆదివారమైనా సెలవైనా ఆరింటికి లేచేవాళ్లు ఆరింటికే లేవాలి. లేవడం, మొదట ఎవరితోనైనా మాట్లాడడం, పని మొదలుపెట్టడం, రాత్రి భోంచేయడం, పడుకోవడం: ఈ అయిదూ రోజూ అటూఇటూగా ఒకే వేళకు జరిగితే మిగతా రోజు దానంతటదే సర్దుకుంటుంది. రాత్రి పదింటి నుంచి ఫోన్ వేరే గదిలో చార్జింగ్‌లో ఉండాలి. వేసవిలో డాబా మీద పడుకుంటే అయిదున్నరకే వెలుతురు మొహాన పడుతుంది. మంచిదే, అయితే తొమ్మిదిన్నరకే పైకి వెళ్లిపోవాలి, కళ్లమీద నల్లగుడ్డ వేసుకోవాలి.

మన పక్క ఏడాదిలో నిద్రకు గండాలు ముందే తెలిసిన తేదీల్లో వస్తాయి. శివరాత్రి జాగారం బైపోలార్ ఉన్నవాళ్లకు పనికిరాదు. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభతో వెళ్లే ఇల్లయితే పగలు వెళ్లి దర్శనం చేసుకుని పొద్దుగూకేసరికి ఇంటికి చేరండి, ఉపవాసం పాలు, పళ్లు, నీళ్లతో ఉండండి. దసరాల్లో మూలా నక్షత్రానికి ఇంద్రకీలాద్రి మీద ముందురాత్రి నుంచే క్యూ. అమ్మవారి దర్శనం నవరాత్రుల్లో ఏ రోజు పగలైనా చేసుకోవచ్చు. భవానీ దీక్షైనా అయ్యప్ప దీక్షైనా తీసుకుంటే గురుస్వామికి ముందే చెప్పండి. నాలుగున్నరకు లేచి స్నానం చేయాలంటే రాత్రి తొమ్మిదికల్లా పడుకోవాల్సిందే, భజన ఎంత బాగా సాగుతున్నా సరే. ఒంటిపూట భోజనమైనా నీళ్లు తగ్గకూడదు, బిళ్ల ఆగకూడదు. రంజాన్ ఉపవాసం ఉండదలచినవాళ్లు నెల ముందే డాక్టరును కలిసి, మోతాదు వేళలు మార్చవచ్చా, లెవెల్ ఎప్పుడు చూడాలి, అసలు ఉండవచ్చా అని అడగాలి. పగలంతా నీళ్లు లేకుండా లిథియం అంటే తేలిక విషయం కాదు.

పెళ్లి ముహూర్తం రాత్రి రెండు గంటలకు, అదీ సొంత చెల్లెలిది. ఎలా? భోజనం ఏడున్నరకే చేసి, బిళ్ల వేళకు వేసుకుని, ఎనిమిదింటికి కల్యాణమండపం పై గదిలో పడుకోవాలి. జీలకర్ర బెల్లం వేళకు లేపమని ఒక్కరికి అప్పజెప్పాలి. తలంబ్రాలు అయ్యాక మళ్లీ వెళ్లి పడుకోవాలి. అప్పగింతల పనులు, లారీ సామాన్ల పనులు వేరేవాళ్లకు వదిలేయాలి. ఒక రాత్రి ఇలా గడిచిపోతుంది. వరసగా రెండో రాత్రి మాత్రం వద్దు. పక్క చుట్టాల పెళ్లయితే రిసెప్షన్‌కు వెళ్లి అక్షింతలు వేసి వస్తే సరిపోతుంది, ఎవరూ తప్పు పట్టరు.

వారానికొకసారి మారే షిఫ్టులు ఈ జబ్బుకు పగ. రైల్వేలోనైనా ఆసుపత్రిలోనైనా డ్యూటీ మార్పు అడగడానికి డాక్టరు చేత ఉత్తరం రాయించుకోవచ్చు. జబ్బు పేరు రాయకుండా "వైద్య కారణాల వల్ల రాత్రి డ్యూటీ వద్దు" అని రాసినా చాలుతుంది.

నోటుపుస్తకంలో ఒక్క వరస

పెద్ద డైరీ అక్కర్లేదు. పడుకున్న వేళ, లేచిన వేళ, మూడ్ అంకె, బిళ్ల, ఒక ముక్క. మూడ్‌కు కిందికి మూడు, పైకి మూడు, మధ్యలో సున్నా. ఇలా ఉంటుంది:

సోమ: 10.30 – 6.00, ఏడున్నర గంటలు, మూడ్ 0, వేసుకున్నా.
మంగళ: 11.45 – 5.00, అయిదుంబావు, +1, వేసుకున్నా, బావగారితో స్థలం సంగతి మాట్లాడా.
బుధ: 1.20 – 4.30, మూడు గంటలు, +2, వేసుకున్నా, అలసటే లేదు.

బుధవారం పొద్దున్నే డాక్టరుకు ఫోన్ చేయాలి. ఇంకో రాత్రి చూద్దామనుకోకూడదు. "అలసటే లేదు" అన్న ఆ రెండు మాటలే అసలు గుర్తు. పని ఉండి నిద్ర మానుకున్న మనిషికి మర్నాడు ఒళ్లు తూలుతుంది, మేనియా మొదలైన మనిషికి తూలదు. బిళ్ల సరిగ్గానే వేసుకుంటున్నా ఇలా కావొచ్చని కూడా ఈ వరసలు చెబుతున్నాయి. ఇలాంటి రోజుకని కొందరు డాక్టర్లు ముందే ఒక అదనపు బిళ్ల రాసి ఉంచుతారు. అడిగి, ఎన్ని రోజులు, ఎంత అన్నది రాయించుకోండి.

నిద్ర కాకుండా ఒక్కొక్కరికీ సొంత గుర్తులుంటాయి. ఒకరు రాత్రి పదకొండుకు పాత స్నేహితులందరికీ ఫోన్లు చేస్తారు. ఒకరికి హఠాత్తుగా భక్తి పొంగుతుంది. ఒకరు వారంలో మూడు కొత్త వ్యాపారాలు మొదలుపెడతారు. డిప్రెషన్ వైపు: స్నానం వాయిదా పడుతుంది, ఫోన్ ఎత్తరు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. గతంలో వచ్చిన రెండు మూడు సార్లూ మొదటి వారంలో ఏం జరిగిందో ఇంట్లో కూర్చుని గుర్తు చేసుకుని, నాలుగైదు గుర్తులు కాగితం మీద పెట్టండి.

ఆ గుర్తు కనిపించినప్పుడు చెప్పే తీరు కూడా ముందే అనుకోవాలి. "నీకు మళ్లీ మొదలైంది" అంటే ఎవరికైనా మండుతుంది. "ఏవండీ, రెండు రోజులుగా మీరు మూడు గంటలే పడుకుంటున్నారు. మనం రాసుకున్న కాగితం ఒకసారి చూద్దామా?" అంటే ఇద్దరూ కలిసి రాసుకున్నదే మాట్లాడుతుంది. కొడుకైతే అమ్మ "నాన్నా, పుస్తకంలో నువ్వే రాశావు చూడరా" అనొచ్చు. ఒక్కరే చెప్పాలి, అందరూ చుట్టుముట్టకూడదు. ఆ ఒక్కరు ఎవరో జబ్బున్న మనిషే బాగున్నప్పుడు ఎంచుకోవాలి.

ఆ కాగితంలోనే జబ్బు పేరు, మందులు మిల్లీగ్రాములతో సహా, చివరి లిథియం లెవెల్, తేదీ, పడని మందులు, డాక్టరు నంబరు ఉండాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకో రెండు హక్కులిచ్చింది. తాను నిర్ణయం చెప్పలేని స్థితి వస్తే ఏ వైద్యం కావాలో, ఏది వద్దో ముందే రాసి పెట్టుకోవచ్చు. అత్యవసర వైద్యానికి మాత్రం అది అడ్డురాదు. తన తరఫున మాట్లాడే మనిషిని తెల్లకాగితం మీద రాసి సంతకంతో నియమించుకోవచ్చు. ఇది రాసి ఉంటే క్యాజువాలిటీ ముందు అన్నదమ్ములూ అత్తవారూ వాదులాడుకునే పని తప్పుతుంది. అదే చట్టం ప్రకారం మనిషిని గొలుసులతో కట్టడం నిషేధం, ఆరోగ్య బీమా కంపెనీలు మానసిక జబ్బులను శరీర జబ్బులతో సమానంగా చూడాలి.

డబ్బు ఏర్పాట్లు కూడా ఇప్పుడే. యూపీఐ రోజు పరిమితి తగ్గించండి. పెద్ద మొత్తాలు ఇద్దరి సంతకాలతో తీసే ఖాతాలో పెట్టండి. బంగారం లాకర్లో ఉండాలి. అయిదు వేలు దాటిన ఏ ఖర్చుకైనా రెండు రోజులు ఆగి, ఇద్దరితో చెప్పాకే అన్న నియమం పెట్టుకోండి. స్థలం అడ్వాన్సులు, చిట్టీ పాటలు, లోన్ యాప్‌లు మేనియాలో మనిషిని వెతుక్కుంటూ వస్తాయి.

మిగతా మందుల్లో తప్పక తెలియాల్సినవి

వాల్‌ప్రోయేట్ పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లకు వీలైనంతవరకు వద్దు. గర్భంలో వాడితే పదిమందిలో ఒక బిడ్డకు పుట్టుకతో లోపం వచ్చే ప్రమాదం ఉంది, బిడ్డ చదువు, మాటల ఎదుగుదల మీద కూడా దెబ్బ పడొచ్చు. ఇప్పటికే వాడుతుంటే, పెళ్లి సంబంధం చూస్తున్నప్పుడే డాక్టరును కలిసి మార్పు అడగండి. నెల తప్పాక పరుగెత్తితే ఆలస్యమైనట్టే. అలాగని తెలియగానే సొంతంగా ఆపేయొద్దు.

లామోట్రిజిన్‌ను చాలా నెమ్మదిగా పెంచుతారు: 25 మిల్లీగ్రాములు రెండు వారాలు, 50 రెండు వారాలు, అలా. వాల్‌ప్రోయేట్ కూడా వాడుతుంటే అందులో సగమే. తొందరపడితే ప్రాణాంతకమైన దద్దుర్లు రావొచ్చు. దద్దు, జ్వరం, నోట్లో పుండ్లు కనిపిస్తే అదే రోజు ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అయిదారు రోజులు వేసుకోవడం తప్పితే మళ్లీ పాత మోతాదుతో మొదలుపెట్టకూడదు, మొదటి మెట్టు నుంచి రావాలి. ఓలాంజపిన్, క్వెటియాపిన్‌తో బరువు, షుగర్ పెరుగుతాయి. మొదలుపెట్టిన రోజు బరువు, నడుం కొలత రాసుకుని, మూడు నెలలకు పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి.

లిథియం మానాలనుకుంటే డాక్టరు పర్యవేక్షణలో కనీసం నాలుగు వారాలు, వీలైతే మూడు నెలల మీద తగ్గిస్తూ రావాలి. ఒక్కసారి ఆపితే మేనియా రెట్టింపు జోరుతో రావొచ్చు.

ప్రసవం తర్వాత మొదటి వారాలు ఏడాదిలోకెల్లా ప్రమాదకరమైనవి, ఎందుకంటే ఒంట్లో మార్పులకు నిద్రలేమి తోడవుతుంది. పురిటికి పుట్టింటికి వెళ్లే అమ్మాయితో పాటు ఆ కాగితమూ చీటీలూ వెళ్లాలి. రాత్రి ఒక పాల వేళ అమ్మమ్మ చూసుకుంటే తల్లికి అయిదారు గంటలు ఏకధాటిగా నిద్ర దక్కుతుంది. పచ్చి బాలింత రెండు రాత్రులు కన్ను మూయకపోయినా, పొంతన లేని మాటలు మాట్లాడినా, అదే రోజు చూపించాలి.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు

డిప్రెషన్‌లో, అంతకంటే ఎక్కువగా దిగులూ హుషారూ కలగలిసిన రోజుల్లో, చావు ఆలోచనలు రావొచ్చు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆలోచన పుట్టదు. ఉన్నది బయటికి వస్తుంది. అలాంటి రోజుల్లో మనిషిని ఒంటరిగా వదలకండి. బిళ్లలు ఇంకొకరి దగ్గర తాళంలో ఉండాలి, వారానికి సరిపడానే పెట్టెలో వేయాలి, ముఖ్యంగా లిథియం. పత్తి, మిర్చి పండించే ఇళ్లలో పురుగుమందు డబ్బా పశువుల పాకలో కూడా ఉండకూడదు. వేరే ఇంట్లో తాళం వేసి పెట్టించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. ప్రమాదం ఎదురుగా ఉంటే 108.

డాక్టరు గదిలో

ఓపీలో దొరికేది అయిదు నిమిషాలు. నోటుపుస్తకం తెరిచి చేతికివ్వండి. నిద్ర ఎలా ఉంది, ఎన్ని బిళ్లలు తప్పాయి, ఈ మధ్య వేరే ఏ మందు వాడారు, మద్యం తాగారా అన్న నాలుగు మాటలు ముందు చెప్పండి. తప్పిన బిళ్లలు దాచకండి. దాస్తే మందు పనిచేయడం లేదనుకుని మోతాదు పెంచుతారు. బిళ్లతో లావవుతున్నా, కోరిక తగ్గినా, చెయ్యి వణికి సంతకం కుదరకపోతున్నా, చెప్పడానికి సిగ్గుపడకండి. చాలామంది మందు మానేసేది ఇలాంటి చెప్పుకోని కారణాలకే, వీటిలో చాలావాటికి విరుగుడు ఉంది. లేచే ముందు తర్వాతి లిథియం పరీక్ష ఎప్పుడో అడిగి, ఇంటికెళ్లగానే గోడ క్యాలెండరులో ఆ తేదీ పక్కన "పొద్దున 9, పచ్చ మూత వద్దు" అని రాసి పెట్టండి.